గర్భసంచిలో చీము: కుక్క ఆపరేషన్‌కి ఆలస్యం చేయకండి, ఆడవాళ్ల ఆపరేషన్‌కి తొందరపడకండి

మీ ఇంట్లో పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించని ఆడకుక్క ఉందా? అది ఎదకు వచ్చి వెళ్లి నెలా నెలన్నర అయ్యిందా? ఇప్పుడు ఉన్నట్టుండి గిన్నెలు గిన్నెలు నీళ్లు తాగుతూ, అన్నం ముట్టకుండా మూలన పడుకుంటోందా? అయితే మిగతాది తర్వాత చదవొచ్చు, ముందు పశువుల డాక్టర్‌కి ఫోన్ చేయండి. అది పయోమెట్రా కావచ్చు, అంటే గర్భసంచి నిండా చీము పట్టడం. "ఎండకి డల్‌గా ఉందిలే", "బయట ఏదో తిని ఉంటుందిలే" అని రెండు మూడు రోజులు చూసే ఇళ్లలోనే ఇది ప్రాణం మీదకి వస్తుంది.

కుక్కలు, పిల్లులు, ఆడవాళ్లు, ముగ్గురి గురించీ ఒకేచోట రాయడమేంటని అనుకోవచ్చు. మన దగ్గర ఈ వ్యవహారం తలకిందులుగా నడుస్తోంది, అందుకే కలిపి రాస్తున్నాను. కుక్కకి గర్భసంచి తీయించాలని డాక్టర్ చెబితే "పాపం మూగజీవి, కోత ఎందుకండీ, మందులతో తగ్గదా" అంటారు. అదే ఇంట్లో ముప్పై అయిదేళ్ల మనిషికి తెల్లబట్ట అవుతోందంటే "ఇద్దరు పిల్లలు పుట్టేశారుగా, ఇంకెందుకు, తీయించేసుకో" అంటారు. నిజానికి జరగాల్సింది దీనికి పూర్తిగా రివర్స్‌లో.

కుక్కకి ఎందుకు వస్తుంది

కుక్క ఎదకు వచ్చినప్పుడు పడే రక్తం, మనుషుల నెలసరి ఒకటే అని చాలామంది అనుకుంటారు. కాదు. మనుషుల్లో గర్భం రాకపోతే గర్భసంచి లోపలి పొర ఊడి రక్తంతో పాటు బయటికి పోతుంది, నెలనెలా లోపల ఒకసారి శుభ్రమైనట్టే. కుక్కకి ఆ రక్తం గుడ్డు విడుదల కాకముందే వస్తుంది, పొర ఊడి పడదు. ఆ తర్వాత కడుపుతో ఉన్నా లేకపోయినా ప్రొజెస్టిరాన్ అనే హార్మోన్ దాదాపు రెండు నెలలు ఎక్కువగానే ఉంటుంది. అది పొరను మందంగా చేస్తుంది, గర్భసంచి ముడుచుకోవడాన్ని తగ్గిస్తుంది, అక్కడి రోగనిరోధక శక్తిని కూడా కాస్త అణచిపెడుతుంది. ఇదంతా పిల్లలు కడుపులో నిలబడటానికి ప్రకృతి చేసుకున్న ఏర్పాటే. కానీ పిల్లలు లేనప్పుడు అదే ఏర్పాటు బాక్టీరియాకి పనికొస్తుంది, ఎక్కువగా ఈ. కోలైకి, అంటే మలంలో మామూలుగా ఉండే క్రిమికే. ఒక్కో ఎదకీ ఆ పొర ఇంకాస్త పాడవుతూ వస్తుంది కాబట్టి వయసు పెరిగేకొద్దీ రిస్క్ పెరుగుతుంది.

ఇదేదో అరుదైన జబ్బు అనుకోవద్దు. ఆపరేషన్ చేయించడం తక్కువగా ఉండే స్వీడన్‌లో కుక్కల బీమా రికార్డులు తిరగేస్తే, పదేళ్లు నిండేలోపు ఆడకుక్కల్లో ఇంచుమించు నాలుగైదింటిలో ఒకదానికి ఇది వచ్చినట్టు తేలింది. రాట్‌వీలర్, గోల్డెన్ రిట్రీవర్ లాంటి జాతులకి ఇంకా ఎక్కువ.

ఇంట్లో ఏం చూడాలి

మొట్టమొదట కావాల్సింది తేదీ. కుక్క ఎదకు వచ్చిన రోజు క్యాలెండర్ మీద రాసుకునే అలవాటు చేసుకోండి, పాలవాడి లెక్క పక్కనే రాసినా చాలు. ఎద ముగిశాక రెండు వారాల నుంచి రెండు నెలల లోపు ఈ జబ్బు ఎక్కువగా బయటపడుతుంది, కొన్నిసార్లు ఇంకాస్త ఆలస్యంగా కూడా. తేదీ రాసి ఉంటే "మళ్లీ ఎదకు వచ్చినట్టుందే" అన్న పొరపాటు జరగదు. సాధారణంగా ఎదకీ ఎదకీ మధ్య ఆరు నెలల దాకా ఉంటుంది, నెలన్నరకే మళ్లీ తోక కింద ఎర్రగా కనిపిస్తే అది ఎద కాకపోవచ్చు.

తర్వాత నీళ్లు. ఈ. కోలై విషం వల్ల కిడ్నీలు మూత్రాన్ని చిక్కబరచలేవు, అందుకే కుక్క మాటిమాటికీ మూత్రం పోసి, పోయిందానికి బదులు తాగుతూనే ఉంటుంది. అనుమానంగా ఉంటే ఒక లీటరు బాటిల్‌తో కొలిచి గిన్నెలో పోసి, రోజు మొత్తం మీద ఎంత తాగిందో చూడండి. కిలో బరువుకి రోజుకి 100 మి.లీ. దాటిందంటే అది మామూలు దాహం కాదు, అంటే పది కిలోల కుక్క లీటరు పైగా తాగేస్తోందన్నమాట. ఇక్కడ కొందరు చేసే పని ఒకటుంది, నీళ్లు ఎక్కువ తాగి వాంతి చేసుకుంటోందని గిన్నె తీసి దాచేస్తారు. దయచేసి ఆ పని చేయకండి. బయటికి పోయే నీరు ఎలాగూ పోతూనే ఉంటుంది, తాగనివ్వకపోతే కిడ్నీలు ఇంకా త్వరగా దెబ్బతింటాయి.

చిగుళ్లు చూడండి. పై పెదవి మెల్లగా ఎత్తి, కోరపన్ను పైన చిగురును వేలితో నొక్కి వదలండి. నొక్కినచోట తెల్లబడి రెండు సెకన్ల లోపు మళ్లీ గులాబీ రంగు రావాలి. రంగు రావడానికి ఆలస్యమైనా, చిగుళ్లు మొదటినుంచీ పాలిపోయి ఉన్నా, ఇటుక రంగులో బాగా ఎర్రబడినా రేపటి దాకా ఆగే పరిస్థితి కాదు. (పుట్టుకతోనే చిగుళ్లు నల్లగా ఉండే కుక్కలుంటాయి, వాటికి కింది కనురెప్ప లోపలి భాగం చూడాలి.) జ్వరం చూడాలంటే డిజిటల్ థర్మామీటర్‌కి వ్యాజలీన్ రాసి మలద్వారంలో అంగుళం మేర పెట్టాలి, ఒకరు తల పట్టుకోవాలి. 100.5 నుంచి 102.5 ఫారెన్‌హీట్ వరకు కుక్కకి మామూలే, మన లెక్కన 101 ఉందని కంగారుపడక్కర్లేదు. జ్వరం లేదు కదా అని ధీమా పడటం కూడా తప్పే, ఎందుకంటే ఈ జబ్బులో చాలా కుక్కలకి జ్వరం ఉండదు. ఒళ్లు చల్లబడి 100 కంటే కిందికి దిగితే అది ఇంకా చెడ్డ గుర్తు.

తోక కింద, పడుకునే గోనెపట్టా మీద, వెనక కాళ్ల వెంట్రుకల్లో మరకలు వెతకండి. పసుపుగా, గోధుమ రంగులో, రక్తం కలిసిన చీములా వాసనతో కారుతుంటే గర్భసంచి ముఖద్వారం తెరిచి ఉందన్నమాట. ఇది ఒకరకంగా అదృష్టమే, కనీసం కనిపిస్తుంది కాబట్టి. ముఖద్వారం మూసుకుపోతే బయటికి చుక్క రాదు, పెన్సిలంత సన్నగా ఉండాల్సిన గర్భసంచి కొమ్ములు చీముతో ఉబ్బి పొట్ట పెరుగుతుంది, ఇంట్లోవాళ్లు "కడుపుతో ఉందేమో" అని సంబరపడతారు. ప్రాణం తీసేది ఎక్కువగా ఇదే రకం. గర్భసంచి చిరిగి చీము పొట్టలోకి పోతే గంటల్లో పరిస్థితి చేయిదాటిపోతుంది. కాబట్టి గట్టిగా ఉందో మెత్తగా ఉందో చూద్దామని పొట్ట నొక్కకండి.

ఈ గుర్తులన్నీ కలిసి రావాలని లేదు. నా మట్టుకు నేను, ఆపరేషన్ కాని ఆరేళ్ల ఆడకుక్క ఎద తర్వాత రెండు పూటలు తినకపోతే స్కాన్ చేయించేదాకా వదలను. స్కాన్ నార్మల్ అని వస్తే పోయేదేముంది.

ఇంట్లో ఉన్న మాత్రలు వేయకండి. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటి మన నొప్పి మాత్రలు కుక్క కడుపుని, కిడ్నీలని దెబ్బతీస్తాయి, ఇక్కడ కిడ్నీలు ఇప్పటికే కష్టంలో ఉన్నాయి. పిల్లికైతే పారాసెటమాల్ ఒక్క మాత్ర చాలు చచ్చిపోవడానికి. మెడికల్ షాపులో అడిగి తెచ్చిన యాంటీబయాటిక్ వేస్తే రెండ్రోజులు హుషారుగా కనిపిస్తుంది, తర్వాత మళ్లీ పడిపోతుంది. చీము సంచి లోపలే ఉంది కదా, మందు రక్తంలోకి వెళ్తుంది గానీ ఆ సంచిని ఖాళీ చేయలేదు.

డాక్టర్ దగ్గర

ఫోన్లో "కుక్కకి బాలేదండీ" అని ఊరుకోకుండా వయసు, ఆపరేషన్ కాలేదని, చివరి ఎద తేదీ, నీళ్ల సంగతి, కారుతోందా లేదా, ఆఖరుసారి ఎప్పుడు తిన్నదీ చెప్పండి, వినేవాళ్లకి సగం విషయం అక్కడే అర్థమవుతుంది. స్కానింగ్, సర్జరీ రెండూ ఉన్నాయా అని అడిగి మరీ వెళ్లండి. ఊళ్లో ఆ సౌకర్యం లేకపోతే పశువైద్య కళాశాలల ఆసుపత్రులున్నాయి, హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో, తిరుపతిలో, గన్నవరంలో. 1962కి ఫోన్ చేస్తే వచ్చే సంచార పశువైద్య వాహనం ప్రధానంగా పాడి పశువుల కోసం పెట్టింది, కనీసం దగ్గర్లో ఎవరున్నారో అడగడానికి పనికొస్తుంది. ఆటోలో తీసుకెళ్తే దుప్పటి మీద పక్కకి పడుకోబెట్టి తీసుకెళ్లండి, పొట్ట కింద చేయి వేసి ఎత్తకండి. ఆపరేషన్ ఉండొచ్చు కాబట్టి బయల్దేరే ముందు బతిమాలి తినిపించొద్దు.

అక్కడ రక్తపరీక్షలో తెల్లరక్తకణాలు, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ చూస్తారు, స్కాన్‌లో గర్భసంచిలో నీరులాంటిది కనిపిస్తుందేమో చూస్తారు. ఎక్స్‌రే ఒక్కటే తీసి వదిలేస్తే చాలదు, కడుపులో పిల్లల ఎముకలు దాదాపు 45 రోజులకి గానీ ఎక్స్‌రేలో కనిపించవు కాబట్టి అంతకుముందు చీమో, కడుపో తేల్చడం కష్టం. ఖాయమైతే ముందు సెలైన్, యాంటీబయాటిక్ పెట్టి కాస్త నిలబెట్టి, గర్భసంచి, అండాశయాలు రెండూ తీసేస్తారు. "ఇంత నీరసంగా ఉంది, మత్తు తట్టుకుంటుందా, కోలుకున్నాక చేయిద్దాం" అనడం సహజమే, కానీ ఆ సంచి లోపల ఉన్నంతకాలం కోలుకోదు. ఒక్క పూట సెలైన్‌తో నిలబెట్టడం వేరు, వారం వాయిదా వేయడం వేరు.

మందులతో వైద్యం అసలు లేదా అంటే ఉంది. ప్రోస్టాగ్లాండిన్ ఇంజెక్షన్లు, ప్రొజెస్టిరాన్‌ని అడ్డుకునే ఇంజెక్షన్లు వాడి చీము బయటికి పంపిస్తారు. వయసులో చిన్నది, ముఖద్వారం తెరిచి ఉంది, కిడ్నీలు బాగున్నాయి, దానితో పిల్లలు పెట్టించాలని గట్టిగా అనుకుంటున్నారు, ఇవన్నీ కుదిరినప్పుడే, అదీ డాక్టర్ కళ్లముందే. తగ్గినా తర్వాతి ఎదల్లో తిరగబెట్టే అవకాశం బాగానే ఉంటుంది.

ఆపరేషన్ అయ్యాక, కుట్లు అందకుండా మెడకి కట్టే గరాటులాంటి కోన్ తీయకండి, ఎంత జాలేసినా సరే, ఒక్క రాత్రి చాలు కుట్లు కొరికేసుకోవడానికి. పది నుంచి పద్నాలుగు రోజులు స్నానం, మెట్లు, సోఫా మీదకి దూకడం బంద్. కుట్ల దగ్గర రోజూ ఒకసారి చూడండి, వాపు, తడి, వాసన ఉంటే వెంటనే తీసుకెళ్లండి.

పిల్లుల సంగతి వేరు

పిల్లికి ఇది కుక్కలంత తరచుగా రాదు, ఎందుకంటే పిల్లికి సాధారణంగా జత కట్టాకే గుడ్డు విడుదలవుతుంది, ఆ హార్మోన్ దశ ప్రతిసారీ రాదు. అలాగని ఇంట్లోంచి కదలని పిల్లికి రాదని కాదు, కొన్నింటికి మగపిల్లి లేకుండానే గుడ్డు విడుదలవుతుంది. చిక్కేమిటంటే పిల్లి ఒళ్లంతా నాక్కుంటుంది కాబట్టి చీము మీ కంట పడదు. నీళ్లు ఎక్కువ తాగడం కూడా అన్నిటికీ కనిపించదు. మీకు కనిపించేది మంచం కింద దూరడం, తిండి మానడం, వెనకవైపు అదేపనిగా నాక్కోవడం, వీపు ఎముకలు తేలుతూ పొట్ట మాత్రం ఉబ్బుగా ఉండటం. పిల్లి రెండు రోజులు తినకపోతే కాలేయానికి కొవ్వు పట్టే ఇంకో సమస్య మొదలవుతుంది, కాబట్టి దానికి గడువు ఇంకా తక్కువ. వైద్యం అదే.

రెండింటికీ రాకుండా చూసుకోవాలంటే బాగున్నప్పుడే ఆపరేషన్ చేయించడమే. చిన్న జాతులకి, పిల్లులకి ఆరో నెల ఆ ప్రాంతంలో చేస్తారు, పెద్ద జాతుల కుక్కలకి ఎప్పుడన్నది డాక్టర్‌తో మాట్లాడుకోండి. ఎదలో ఉన్నప్పుడు రక్తనాళాలు ఉబ్బి ఉంటాయి కాబట్టి, తొందర లేకపోతే రెండు మూడు నెలలు ఆగి చేయిస్తారు. "ఒక్కసారైనా పిల్లల్ని పెట్టనివ్వాలి" అన్న మాట ఎక్కడినుంచి వచ్చిందో గానీ, ఒకసారి ఈనిన కుక్కకి కూడా ఇది శుభ్రంగా వస్తుంది. ఎద రాకుండా ఆపే ఇంజెక్షన్లు, వీధికుక్కతో జతకట్టిందని కడుపు నిలవకుండా వేయించే ఈస్ట్రోజన్ ఇంజెక్షన్లు ఈ జబ్బు రిస్క్‌ని పెంచుతాయి. చవకగా పని అయిపోతుందని వాటి జోలికి పోవద్దు.

ఈనిన మొదటి వారంలో వచ్చే ఇన్ఫెక్షన్ ఇంకొకటి. ఈనాక ముదురు ఆకుపచ్చ, తర్వాత ఎరుపు కలిసిన గోధుమ రంగులో కారడం మామూలే, వాసన ఉండదు. దుర్వాసన, జ్వరం, పిల్లల్ని దగ్గరికి రానివ్వకపోవడం కనిపిస్తే మాయ ముక్క లోపల మిగిలిపోయి ఉండొచ్చు, చూపించాలి.

కుక్క చీము వల్ల ఇంట్లో ఆడవాళ్లకి గర్భసంచి జబ్బు అంటుకుంటుందా అని అడుగుతుంటారు. అలా అంటుకోదు. కాకపోతే ఆ మరకలు తుడిచేటప్పుడు గ్లవ్స్ వేసుకుని చేతులు సబ్బుతో కడుక్కోండి, ముఖ్యంగా కుక్కకి కడుపు పోయినప్పుడు కారేవాటితో జాగ్రత్త, బ్రూసెల్లా లాంటి బాక్టీరియా మనుషులకీ సోకుతుంది. గర్భిణులు ఆ పని పెట్టుకోకపోవడమే మేలు.

ఇక ఆడవాళ్ల సంగతి

ఇక్కడ కూడా పరిగెత్తాల్సిన సందర్భాలున్నాయి. ఒకటి బాలింత. కాన్పయిన ఆరు వారాల లోపు 100.4 ఫారెన్‌హీట్ దాటి జ్వరం, పొత్తికడుపులో నొప్పి, దుర్వాసనతో మైల ఉంటే గర్భసంచి లోపలి పొరకి ఇన్ఫెక్షన్ సోకి ఉండొచ్చు. సిజేరియన్ అయినవాళ్లకి ఈ ప్రమాదం మామూలు కాన్పు కంటే ఎక్కువ. "పాలు పడుతున్నాయి, అందుకే జ్వరం" అని పెద్దవాళ్లు అంటారు, చెవుల్లో దూది పెట్టి, పథ్యం పేరుతో నీళ్లు కూడా కొలిచి పోస్తారు. అమ్మమ్మల మీద గౌరవం ఉంచుకుందాం, థర్మామీటర్ మాత్రం మనమే పెడదాం. జ్వరంతో పాటు గుండెదడ, ఆయాసం, మాట తడబడటం ఉంటే 108కి ఫోన్ చేయండి. మెడికల్ షాపు మాత్రలతో అబార్షన్ చేసుకుని తర్వాత జ్వరం, నొప్పి వచ్చినవాళ్లు కూడా ఇదే లెక్కలోకి వస్తారు, సిగ్గుపడి దాచకుండా ఏ మాత్ర ఎప్పుడు వేసుకున్నారో డాక్టర్‌కి చెప్పాలి.

రెండోది పొత్తికడుపులో ఇన్ఫెక్షన్, గర్భసంచి, నాళాలు, అండాశయాలు అన్నిటికీ పాకేది. ఎక్కువగా లైంగిక సంబంధం ద్వారా సోకే క్లమీడియా, గనేరియా లాంటి వాటితో మొదలవుతుంది, కాపర్-టి వేయించుకున్న మొదటి మూడు వారాల్లో కూడా కాస్త అవకాశం ఉంటుంది. కింద పొట్టలో నొప్పి, కలయికలో నొప్పి, నెలసరి మధ్యలో రక్తం, వాసనతో తెల్లబట్ట, ఇవీ గుర్తులు. దీనికి వైద్యం యాంటీబయాటిక్స్, సాధారణంగా రెండు వారాలు. నాలుగో రోజుకి నొప్పి తగ్గిందని మానేయకూడదు. భర్తకి కూడా మందులు వాడాల్సిందే, మన ఇళ్లలో అన్నిటికంటే కష్టమైన ముక్క ఇదే, "నాకేం లేదు" అని ఆయన వేసుకోడు, ఆవిడకి మళ్లీ మళ్లీ వస్తుంది, చివరికి తప్పు గర్భసంచి మీద పడుతుంది. ఇలాంటి నొప్పితో వెళ్లినప్పుడు గర్భం పరీక్ష కూడా చేయమనండి, నాళంలో గర్భం నిలిచినా ఇలాగే నొప్పి వస్తుంది.

పిల్లలు కలగడం లేదని పరీక్షలకి వెళ్తే గర్భసంచిలో టీబీ బయటపడటం మన దేశంలో కొత్త కాదు. దానికీ మందులే, ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితం.

మరి తెల్లబట్ట? నెల మధ్యలో నీళ్లలా, జిగురుగా, వాసన లేకుండా అయ్యేది జబ్బే కాదు. పెరుగు విరిగినట్టు తెల్లగా దురదతో అయితే ఫంగస్, చేపవాసన వస్తే ఇంకో రకం బాక్టీరియా, ఇవి యోనికి సంబంధించినవి, గర్భసంచి దాకా పోనవసరమే లేదు, కొద్దిరోజుల మందులతో పోతాయి. వీటికి గర్భసంచి తీయించుకోవడమంటే అర్థం లేని పని. కానీ జరుగుతోంది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద 3.2 శాతం ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7 శాతం. దేశంలోనే మొదటి వరసలో మనమే ఉన్నాం. అనవసరంగా గర్భసంచులు తీయడం మీద వేసిన పిటిషన్‌లో 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు, కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలను అన్ని రాష్ట్రాలూ అమలు చేయాలని చెప్పింది కూడా.

కుక్కకి లేని నష్టమా మనిషికి అని ఎవరైనా అడిగితే, అవును, ఉంది. నలభై లోపు అండాశయాలు కూడా తీసేస్తే ముందే ముట్లుడిగిన దశ వస్తుంది, ఒంట్లో ఆవిర్లు, ఎముకలు గుల్లబారడం, గుండెజబ్బు రిస్క్ పెరగడం. అండాశయాలు ఉంచి గర్భసంచి ఒక్కటే తీసినా ఆ దశ కొంత ముందుకు జరగొచ్చు.

కాబట్టి ఎవరైనా "ఇన్ఫెక్షన్ ఉంది, తీసేద్దాం" అంటే ఏ పరీక్షలో తేలింది, ఏ మందులు ఎన్నాళ్లు వాడి చూశాం, పాప్ స్మియర్ (గర్భసంచి ముఖద్వారం క్యాన్సర్ కోసం చేసే పరీక్ష) తీశారా, అండాశయాలు ఉంచుతారా అని అడగండి. రిపోర్టులు, స్కాన్ ఫిల్ములు మీ చేతికి తీసుకుని, ఆ ఆసుపత్రితో సంబంధం లేని ఇంకో గైనకాలజిస్ట్‌కి చూపించండి. "ఇప్పుడు తీయకపోతే క్యాన్సర్ అయిపోతుంది" అని భయపెట్టి ఆ రోజే అడ్మిట్ అవమనేచోట నుంచి బయటికి రండి, తెల్లబట్టకి అంత తొందర లేదు.

తొందరపడాల్సినవాళ్లు వేరే ఉన్నారు. ముట్లు ఆగిపోయి ఏడాది దాటాక మళ్లీ ఎర్రగా మరక పడినా, చీములాంటిది అయినా, "ఈ వయసులో ఎవరికి చెప్పుకుంటాం" అని ఊరుకునే అమ్మలు, అత్తలు. ఆ వయసులో గర్భసంచి ముఖద్వారం మూసుకుపోయి కుక్కల్లోలాగే లోపల చీము చేరడం అరుదుగా జరుగుతుంది, దాని వెనక క్యాన్సర్ దాక్కుని ఉండే అవకాశం ఉంటుంది. వాళ్లకి స్కాన్ చేసి, చీము బయటికి తీసి, లోపలి పొర ముక్క బయాప్సీకి పంపాలి. ఆ రిపోర్టులో ఏమొచ్చిందన్న దాన్నిబట్టే గర్భసంచి తీయాలా వద్దా అన్నది తేలుతుంది.